మరణచిత్రములు: చరిత్రమా, సంతాపమా?

నాయకుని మరణమును చూపు ముద్రిత పటమును ఎట్లు చదువవలెను? అది జరిగిన సంఘటనకు సాక్ష్యమా, చిత్రింపించినవారి మనస్సునకు సాక్ష్యమా? ఈ రెండింటిని వేరుచేయక పటములను చరిత్రాధారములుగ గ్రహించుట పరిశోధనమునకు హానికరమని మేము తలంచుచున్నాము.

సికిందరాబాదునకు సంబంధించిన ఉదాహరణముతోనే ప్రారంభింతము. 1798 నాటి సంధి ననుసరించి నిజాము రాజ్యమున నిలిచిన ఆంగ్ల సైన్యము మరుసటి సంవత్సరమే శ్రీరంగపట్టణ యుద్ధమునకు తరలినది. ఆ సైన్యము విడిసిన దండే 1806లో సికందర్ జా పేరున సికిందరాబాదైనది. 1799 మే 4న టిప్పు సుల్తాను కోటద్వారమువద్ద నేలకొరిగెను. లండను చిత్రకారుడగు హెన్రీ సింగిల్టన్ ఆ దృశ్యమును కల్పించెను. దాని ముద్రణములలో టిప్పు తుదివరకు పోరాడుచున్న యోధుడు. 1839లో డేవిడ్ విల్కీ రచించిన చిత్రమున టిప్పు సేనాని బెయిర్డు పాదములచెంత పడియున్న శవము. పూర్వము బెయిర్డు బందీగ నున్న చెరసాల ఊచలు సైతము ఆయన కాళ్ళక్రింద కానవచ్చును. ఆ చిత్రమును వ్రాయించినది బెయిర్డుగారి వితంతువు. మరణ మొక్కటే, ఒకచోట అది శౌర్యగాథ, మరియొకచోట ప్రతీకారగాథ.

ఇది శత్రువునకే పరిమితమైన రీతి కాదు. 1865లో లింకన్ మరణించిన గది మిక్కిలి ఇరుకైనది. ఆ రాత్రి వంతులవారీగ వచ్చిపోయిన ప్రముఖులను చిత్రకారు లొక్క క్షణమున, ఒక్క గదిలో నిలిపిరి. ఒక చిత్రమున నలువదిమందికి పైగ కలరు! స్వర్గమున వాషింగ్టన్ లింకనును కౌగిలించుకొనునట్టి పటములును ఆనాడు వెలువడినవి.

1948 జనవరి 30 పిదప మన బజారులలోనికి వచ్చిన గాంధీ పటములను ఈ దృష్టితో చూడవలెను. వానిలో పెక్కింట మహాత్ముడు దివ్యలోకమున కేగుచుండును. తిక్కన స్వర్గారోహణపర్వమును విన్న జాతికి ఈ కల్పన క్రొత్తది కాదు. పత్రిక చదువలేనివారికి సైతము అది ఓదార్పైనది. అందువలన ఈ పటములను చౌకబారు వస్తువులని త్రోసివేయుట మాకు సమ్మతము కాదు. అయినను ఒక సంగతి విస్మరింపరాదు: ఆరోహణపటమున హంతకునకు సాధారణముగ తావు లేదు. తుపాకి లేదు, ద్వేషము లేదు, నేరము లేదు. హత్య నిర్యాణముగ మారినది. దుఃఖమును చల్లార్చిన ఆ కల్పనయే బాధ్యతను గూడ మరుగుపరచినది.

చూపకుండుటయు ఒక నిర్ణయమే. 1924 మే 7న కొయ్యూరు ప్రాంతమున కాల్చి చంపబడిన అల్లూరి సీతారామరాజును మన పటములు విల్లంబులతో నిలిచిన వీరునిగనే ఎక్కువగ చూపును. ఆయన నెవరు, ఎట్లు చంపిరో ఆ పటములు చెప్పవు.

కావున పరిశోధకుడు ప్రతి పటమును మూడు ప్రశ్నలు అడుగవలెను: దీనిని వ్రాయించిన దెవరు? కొన్న దెవరు? ఇందు లేనివా రెవరు? మూడవ ప్రశ్నను విడిచినచో సంతాపమునే చరిత్రమని వ్రాయు ప్రమాదము కలదు.