దొడ్డు, సన్నం: 'సైజ్ జీరో' చిత్రంపై ఒక పరిశీలన

2015 నవంబరులో విడుదలైన 'సైజ్ జీరో' చిత్రాన్ని సాధారణంగా ఒక వినోద చిత్రంగానే చూస్తారు. కోవెలమూడి ప్రకాశ్ దర్శకత్వంలో, కనికా ధిల్లాన్ కథతో వచ్చిన ఈ చిత్రంలో అనుష్క నాయిక. లావుపాటి అమ్మాయిని కథకు కేంద్రంగా నిలపడం తెలుగు తెరమీద అరుదు. కనుక దీన్ని మన పాఠ్యాంశాల పక్కన పెట్టి చదవవచ్చునని మేము భావిస్తున్నాం. ఉన్న శరీరాన్ని ఉన్నట్టు అంగీకరించమని ఈ చిత్రం చెబుతుంది. తాను ఎంతవరకు అంగీకరించింది అన్నదే మా ప్రశ్న.

ముందుగా సంప్రదాయం సంగతి. ప్రబంధ నాయిక నడుము ఉందో లేదో తెలియనంత సన్నం. పిరుదులు మాత్రం భారం. 'కృశోదరి', 'ఘనజఘన' అన్న మాటలు ఒకే స్త్రీకి చెల్లుతాయి. అది కవిసమయమే గాని ఏ స్త్రీనీ కొలిచే బద్ద కాదు. సినిమాలో ఈ రెండు గుణాలూ క్రమంగా విడిపోయాయి. సన్నదనం నాయికకు దక్కింది. నిండుదనం హాస్యపాత్రలకూ గయ్యాళి అత్తలకూ మిగిలింది. 1957 నాటి 'మాయాబజార్' ఇంతకంటే ఉదారంగా ఉంది. శశిరేఖ రూపం ధరించిన ఘటోత్కచుడిగా సావిత్రి నడుస్తుంటే మనం నవ్వేది బరువును చూసి కాదు, రూపానికీ నడకకూ పొత్తు కుదరకపోవడం చూసి. ఎస్.వి. రంగారావు భారీకాయం పెళ్ళి వంటకాల ముందు కూర్చుంటే మురిసిపోతాం కూడా. అయితే అలా కడుపారా తిని మెప్పు పొందే అవకాశం స్త్రీ పాత్రకు తెరమీద దొరకడం అరుదే.

'సైజ్ జీరో' నాయికకు ఆ అవకాశం కొంత దొరికింది. ఆమెకు తిండి ఇష్టం, తన మీద తనకు పెద్దగా ఫిర్యాదు లేదు. బెంగంతా తల్లిది; సంబంధాలు కుదరడం లేదని. ఊర్వశి పోషించిన ఆ తల్లి దుర్మార్గురాలు కాదు. ప్రేమతోనే బిడ్డను కించపరిచే తల్లిని చూపడం ఈ చిత్రం సాధించిన మంచి విషయం. బరువు తగ్గిస్తామనే వ్యాపారాన్ని నిలదీయడం మరొకటి.

లోపాలు కూడా చిన్నవి కావు. మొదట నాయిక శరీరం మీద నవ్వులు పండించుకుని, తరువాత అలా నవ్వకూడదని ప్రేక్షకుడికే బోధ చేయడం ఒకటి. ఆమె విలువకు చివరికి నాయకుడి ప్రేమే ముద్ర వేయవలసి రావడం రెండవది. మూడవది చిత్రం వెలుపలి సంగతి: సన్నగా ఉన్న తార పాత్ర కోసం బరువు పెరగడం సాహసంగా ప్రచారమైంది. సహజంగానే లావుగా ఉన్న నటికి ఆ నాయిక పాత్ర దక్కలేదు. అంటే లావు ఇక్కడ కూడా వేషమే అయింది.

దాజీ పేట్ మాటలను ఈ సందర్భంలో తలచుకోవాలి. తెలంగాణ జిల్లాల నుంచి షోలాపురం వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాల వాడుకలో లావు అంటే 'దొడ్డు', సన్నం అంటే 'బక్క'. 'దొడ్డు' మనిషికీ నూలుకూ బియ్యానికీ ఒకటే మాట. మరాఠీ 'జాడ్' కూడా ఇలాంటిదే. 'దొడ్డ మనసు', 'దొడ్డమ్మ' అన్నచోట అది గౌరవం. చద్దరుకు దొడ్డు నూలు కావాలి, సన్న ధోవతికి సన్న నూలు కావాలి. ఏ నూలూ తప్పు చేసినట్టు కాదు. పైగా నూలు లెక్కలో నెంబరు తగ్గేకొద్దీ పోగు దొడ్డవుతుంది. దుస్తుల సైజులో అంకె తగ్గేకొద్దీ మనిషి సన్నబడాలి. అంకె కేవలం ఏర్పాటే గాని తీర్పు కాదని మగ్గం దగ్గర పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

చీర కూడా అంతే. ఆరు గజాలైనా తొమ్మిది గజాలైనా కట్టుకునేవారిని బట్టి కుచ్చిళ్ళు మారతాయి, చీర మారదు. రెడీమేడ్ దుస్తులు వచ్చాక మనిషే బట్టకు సరిపడాలన్న భావం బలపడింది. అదే షోలాపురంలో ఇప్పుడు యూనిఫారాలు కుట్టే పని పెద్ద ఎత్తున సాగుతోంది. ఎస్, ఎమ్, ఎల్ చీటీలు మన ఇళ్ళలోనే బట్టలకు ఎక్కుతున్నాయి.

ఒక జాగ్రత్త అవసరం. గంటల తరబడి కదలకుండా కూర్చుని బీడీలు చుట్టే స్త్రీల నడుము నొప్పులు, నిలువుకాళ్ళ మీద సాంచాలు నడిపేవారి కాళ్ళ నొప్పులు నిజమైన ఆరోగ్య సమస్యలు. వాటికి వైద్యం కావాలి, విశ్రాంతి కావాలి. 'దొడ్డుగైనవు' అన్న ఎత్తిపొడుపు వైద్యం కాదు. 'సైజ్ జీరో'లో శ్రమ చేసే శరీరం దాదాపు కనిపించదు. ఆ చిత్రంలో బరువు తీరిక గల ఇంటి సమస్య.

విద్యార్థులకు మా సూచన ఒకటే. ఇంట్లో శరీరం గురించి వినిపించే తెలుగు మాటలను సేకరించండి. ఏ మాట ఎవరు ఎవరిని అంటారో, పెళ్ళిచూపుల సమయంలో దాని అర్థం ఎలా మారుతుందో రాసి పెట్టండి. ఈ చిత్రం అడగకుండా వదిలేసిన ప్రశ్నలు అందులో దొరుకుతాయి.