బడిలో విచారణ: చాపెల్ హిల్, బీదర్

పోలీసులు బడికి వచ్చి పిల్లలను ప్రశ్నించిన రెండు కేసులను పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఒకటి అమెరికాలో నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో 2005లో జరిగింది. రెండోది మన పొరుగున కర్ణాటకలో ఉన్న బీదర్‌లో 2020లో జరిగింది.

చాపెల్ హిల్‌లో ఏడో తరగతి చదివే పదమూడేళ్ల పిల్లవాడి మీద ఇళ్లలో చోరీ చేశాడన్న అనుమానం. యూనిఫారంలో ఉన్న పోలీసు వాణ్ణి తరగతిలోంచి పిలుచుకెళ్లాడు. తలుపు మూసిన గదిలో అరగంట పైనే ప్రశ్నలు. ఇంట్లోవాళ్లకు కబురు లేదు. జవాబు చెప్పనక్కర్లేదనీ, లేచి వెళ్లిపోవచ్చనీ నేరం ఒప్పుకున్నాకే చెప్పారు. అదుపులో ఉన్నవాడికి హక్కులు ముందే చెప్పాలన్నది 1966 నాటి మిరాండా తీర్పు. అదుపులో ఉన్నాడా లేదా అని తేల్చేటప్పుడు పిల్లవాడి వయసు కూడా చూడాలని 2011లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో చెప్పింది. పెద్దవాడైతే లేచి వెళ్లిపోగలడు, పిల్లవాడికి ఆ ఊహే తట్టదు.

బీదర్‌లో 2020 జనవరి 21న షాహీన్ పాఠశాల పిల్లలు పౌరసత్వ సవరణ చట్టం మీద నాటిక వేశారు. అందులో ప్రధానిని చెప్పుతో కొట్టాలన్న అర్థం వచ్చే మాట ఉందని 26న రాజద్రోహం కేసు పెట్టారు. 30న ప్రధానోపాధ్యాయురాలినీ, ఒక విద్యార్థిని తల్లినీ అరెస్టు చేశారు. ఫిబ్రవరి 14 దాకా వాళ్లకు బెయిలు రాలేదు. ఈలోగా పోలీసులు పదేపదే బడికి వచ్చి, ఆ మాటలు ఎవరు రాశారు, ఎవరు నేర్పారు అని పిల్లలను అడిగారు. నోరు తెరిస్తే అమ్మ మీదకో టీచరు మీదకో వచ్చిపడే ప్రశ్నలివి. ప్రాథమిక తరగతుల పిల్లల మీద ఇంత బరువు పెట్టడం నాకు క్రూరంగా తోస్తుంది.

ఈ పిల్లలకు మిరాండా ఏమీ చేయలేదు. అది అనుమానితుడి రక్షణ, వీళ్లు సాక్షులు. ఇక్కడ మన చట్టమే మెరుగు. పదిహేనేళ్ల లోపు పిల్లలను ఇంటి దగ్గర తప్ప మరోచోటికి విచారణకు రప్పించకూడదని అప్పటి నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 160వ సెక్షన్ చెప్పింది. పిల్లలతో మాట్లాడే పోలీసు వీలైనంతవరకు మఫ్టీలో ఉండాలని బాల న్యాయ నియమాలు చెబుతున్నాయి. బీదర్ బడిలో జరిగిన విచారణ ఫొటోల్లో యూనిఫారాలు, తుపాకులు చూసిన కర్ణాటక హైకోర్టు, ఇది ఆ నియమాల ఉల్లంఘనేనని 2021 ఆగస్టులో ప్రాథమికంగా అభిప్రాయపడింది. కానీ ఉల్లంఘించినందువల్ల పోలీసులకు కేసులో నష్టమేమిటి? చాపెల్ హిల్ పోలీసులకు ఒప్పుకోలు సాక్ష్యమే చేజారే ప్రమాదం ఉంది. మన దగ్గర అక్రమ సోదాలో దొరికిన సాక్ష్యాన్నైనా చూడొచ్చని పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మెత్తని నియమం మనది, దాన్ని పాటించేలా చేసే కొరడా వాళ్లది.

2023 జూన్‌లో హైకోర్టు కలబురగి ధర్మాసనం పాఠశాల యాజమాన్యం మీది కేసును కొట్టేసింది. ఆ మాట అవమానకరమే అయినా హింసకు రెచ్చగొట్టలేదని చెప్పడం సరైన పని. కానీ ప్రభుత్వ విధానాలను విమర్శించే అంశాలకు పిల్లలను దూరంగా ఉంచితే మేలన్న సలహా కూడా తీర్పులో ఉంది. వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్లపట్టీ కట్టుకుని బడికెళ్లిన పదమూడేళ్ల మేరీ బెత్ టింకర్ విషయంలో అమెరికా సుప్రీంకోర్టు 1969లో వేరే దారి పట్టింది. ఆమె పిల్ల అయినా మాట్లాడే హక్కు ఆమెదేనంది. బీదర్ నాటికను కూడా పిల్లల హక్కుగా చూసి ఉంటే ఆ సలహాకు తీర్పులో చోటుండేది కాదు.