బొగ్గు: ఒక మాట, మూడు వస్తువులు

కొత్తగూడెములో ‘బొగ్గు’ అన్నచో చిన్న పిల్లవానికైనను గనియే తోచును. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లెందు ప్రాంతమున నేలలోని బొగ్గును గుర్తించిన తరువాత ఆ మాట ఇచటి బ్రతుకులో భాగమైనది. కాని మాట గనులకంటె ప్రాచీనము. కట్టెను గాలి చాలకుండ కాల్చగా మిగులు నల్లని పదార్థమునకు అది పేరు. నేలలో దొరకినదానికి వేరు పేరు లేక ‘నేలబొగ్గు’ అనియు, ‘రాక్షసి బొగ్గు’ అనియు వ్యవహరించిరి. మొదటి పేరు వస్తువు దొరకు చోటును తెలుపును. రెండవది తెలుపునది చూచినవారి ఆశ్చర్యమును మాత్రమే.

ఈ రెండు అర్థముల చిక్కును జనవ్యవహారము సులభముగనే దాటినది. కుంపటిలో, ఇస్త్రీపెట్టెలో వేయునవి సాధారణముగా ‘బొగ్గులు’. గనినుండి వచ్చునది ‘బొగ్గు’. ఒక్క బహువచనముతో పని జరిగిపోయినది! అసలు చిక్కు మూడవ అర్థముతో తరగతిగదిలో మొదలగుచున్నది.

పాత పాఠ్యగ్రంథములు కార్బన్ డై ఆక్సైడును ‘బొగ్గుపులుసు వాయువు’ అనెడివి. ఆమ్లమునకు వంటింటి పులుసును తెచ్చుట చక్కని ఊహ. ‘కార్బన్’ అను మాటయు లాటిన్ భాషలో బొగ్గునకు గల పేరునుండి వచ్చినదే కనుక ఆ గ్రంథకర్తలను తప్పుపట్ట నక్కరలేదు. తప్పుపట్టవలసినది ‘కార్బన్ అనగా బొగ్గు’ అని ఒక్క వాక్యముతో పాఠమును ముగించు అలవాటును. ఆ వాక్యమును నమ్మిన విద్యార్థి పాల్వంచ తాపవిద్యుత్ కేంద్రపు బూడిదను చూచి ఏమనుకొనవలెను? శుద్ధమైన కార్బన్ పూర్తిగా మండినచో వాయువుగా మారిపోవును, బూడిద మిగులదు. గని బొగ్గులో కార్బనుతోపాటు హైడ్రోజన్, ఆక్సిజన్, నత్రజని, గంధకము, తేమ, ఖనిజములు కలవు. 25 కోట్ల సంవత్సరములకు పూర్వము గోదావరి లోయలోని చిత్తడినేలలలో చెట్లు కూలి పూడిపోయినప్పుడు, నీరు తెచ్చిన మట్టియు ఇసుకయు వానితో కలిసినవి. నేటి బూడిదలో అధికభాగము ఆ మట్టియే. సింగరేణిలో నూటికి 30 పాళ్లకు మించి బూడిద మిగుల్చు రకములును కలవు. కనుకనే బొగ్గు వర్తకములో ‘బొగ్గు’ అన్నచో చాలదు. మండి ఇచ్చు వేడిమిని బట్టి జి-1 మొదలు జి-17 వరకు శ్రేణులు చెప్పవలెను.

ఇంతకంటె పెద్ద పొరపాటు ‘వజ్రము కూడ బొగ్గే’ అనుట. వజ్రము కార్బన్ అనుట నిజము. కాని మాట ఒకటే యగుటచే, గనిలోని బొగ్గే ఒత్తిడికి గట్టిపడి వజ్రమగునను కథ పుట్టి, చదువుకొన్నవారి నోటను వినబడుచున్నది. వజ్రములు ఏర్పడునది బొగ్గుపొరలలో కాదు, సుమారు 150 కిలోమీటర్ల లోతున. అనంతపురము జిల్లా వజ్రకరూరులో వానిని పైకి తెచ్చిన కింబర్లైటు శిలలు దాదాపు 110 కోట్ల సంవత్సరముల నాటివి. బొగ్గు ఏర్పడుటకు చెట్లు కావలెను. ఆ శిలలు పైకి వచ్చిన నాటికి భూమిపై ఒక్క చెట్టును లేదు.