నానోసెకన్ల బేరం

చాందినీ చౌక్ అనగానే తెలుగు పాఠకుడికి ఢిల్లీ గుర్తుకు రావచ్చు గానీ, కోల్‌కతాలోనూ ఆ పేరుతో ఒక బజారు ఉంది. చిత్తరంజన్ అవెన్యూను ఆనుకొని ఉన్న ఆ సందుల్లోనూ, పక్కనే ఉన్న ఈ-మాల్ అంతస్తుల్లోనూ కంప్యూటర్ విడిభాగాలు కొత్తవీ పాతవీ దొరుకుతాయి. అక్కడ చౌకగా అమ్మే మెమరీ స్టిక్, అంటే వాడుకలో ర్యామ్, చూడడానికి ఏ ఆర్భాటమూ లేని వస్తువు: రంగుల దీపాలు గానీ, వేడిని లాగే అల్యూమినియం తొడుగు గానీ లేని ఆకుపచ్చ పలక, దాని మీద వరుసగా ఎనిమిది నల్లని చిప్‌లు, వాటిపై అతికించిన కాగితపు చీటీలో 8 జీబీ, డీడీఆర్4, 2666 అనే అక్షరాలు. చీటీ మీద రాసిన ఆ వేగాన్ని దాటించి స్టిక్‌ను నడపడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. దానితోపాటు టైమింగ్స్ అనే నిరీక్షణ కాలాలను తగ్గించడం కూడా కలిస్తేనే ఆ పని పూర్తవుతుంది. డబ్బు పెట్టి ఖరీదైన సరుకు కొనగలిగినవారికి దీని అవసరం తక్కువ కాబట్టి, ఇది ప్రధానంగా చౌక సరుకుతో సరిపెట్టుకోవలసిన వారి విద్య.

చీటీ మీది 2666 అనే సంఖ్య సెకనుకు ఎన్ని మిలియన్ల సార్లు దత్తాంశం చేతులు మారుతుందో చెబుతుంది. డీడీఆర్ పద్ధతిలో గడియారపు ఒక్కొక్క చక్రంలో రెండుసార్లు బదిలీ జరుగుతుంది కాబట్టి అసలు గడియారం 1333 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, ఒక్కో చక్రానికి 0.75 నానోసెకను పడుతుంది. చిప్ లోపల దత్తాంశం అడ్డువరుసలు, నిలువువరుసలుగా అమర్చి ఉంటుంది. కావలసిన అడ్డువరుసను తెరిచాక నిలువువరుసను అడగడానికి ఆగవలసిన చక్రాల సంఖ్య ఒకటి, నిలువువరుసను అడిగాక జవాబు రావడానికి పట్టే చక్రాల సంఖ్య మరొకటి, తెరిచిన వరుసను మూసి వేరొకదానికి సిద్ధం కావడానికి పట్టేది ఇంకొకటి, తెరిచిన వరుస కనీసం ఎంతసేపు తెరిచి ఉండాలో చెప్పేది నాలుగవది. వీటిలో జవాబు కోసం ఆగే కాలాన్ని క్యాస్ లేటెన్సీ, క్లుప్తంగా సీఎల్ అంటారు, స్టిక్ వివరాల్లో 19-19-19-43 అని కనిపించే వరుసలో అదే మొదటిది.

ఈ సంఖ్యలను చదవడంలో చాలామంది పొరబడేది ఒకచోట ఉంది. సీఎల్ చక్రాలలో చెప్పే లెక్క, కాలంలో చెప్పే లెక్క కాదు. అందువల్ల చక్రం నిడివి తెలియకుండా 19 ఎక్కువో 22 ఎక్కువో తేల్చలేము. 2666 వేగంలో 19 చక్రాలంటే 14.25 నానోసెకన్లు, 3200 వేగంలో 22 చక్రాలంటే 13.75 నానోసెకన్లు, అంటే పెద్ద అంకె ఉన్న స్టిక్కే కొద్దిగా ముందు జవాబిస్తుంది. అదే 3200 వేగంలో సీఎల్‌ను 16కు దించగలిగితే నిరీక్షణ సరిగ్గా 10 నానోసెకన్లకు పడిపోతుంది. బేరమంతా ఆ నాలుగు నానోసెకన్ల చుట్టూనే.

తయారీదారు ఆ నాలుగు నానోసెకన్లను ముందే ఎందుకు ఇవ్వడన్న ప్రశ్నకు జవాబు చిప్ నిర్మాణంలో ఉంది. ఐబీఎం సంస్థలో రాబర్ట్ డెనార్డ్ 1966లో రూపొందించిన డైనమిక్ మెమరీలో ఒక్కో బిట్‌కు ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు మాత్రమే ఉంటాయి, ఆ కెపాసిటరులోని విద్యుదావేశమే 1 లేదా 0. అయితే చెమర్చే మట్టికుండలో నీరులాగా ఆ ఆవేశం కారిపోతూనే ఉంటుంది గనుక, 64 మిల్లీసెకన్లలోపు ప్రతి అడ్డువరుసనూ ఒకసారి చదివి తిరిగి నింపాలి. దీన్నే రిఫ్రెష్ అంటారు. వేడి పెరిగితే కారడమూ పెరుగుతుంది, 85 డిగ్రీల సెల్సియస్ దాటితే ప్రమాణాల ప్రకారం 32 మిల్లీసెకన్లకే నింపవలసి వస్తుంది. కోట్ల కణాలున్న చిప్‌లో అన్నిటికంటే బలహీనమైన కణం, అన్నిటికంటే ఎక్కువ వేడిలో, అన్నిటికంటే నాసిరకం మదర్‌బోర్డు మీద కూడా తప్పు చేయని వేగాన్నే చీటీ మీద రాయాలి. అంటే చీటీ మీది సంఖ్య ఆ ఒక్క స్టిక్ గురించి చెప్పే మాట కాదు, ఆ పేరుతో వెలువడే సరుకు మొత్తం గురించి ఇచ్చే హామీ.

ఒక వస్తువుకూ, ఆ వస్తువుల రాశికీ మధ్య ఉండే ఈ తేడాను శాస్త్రంగా పట్టించుకున్న చోటు కూడా కోల్‌కతాయే కావడం విశేషం. ప్రశాంతచంద్ర మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక సంస్థ ఆహ్వానం మీద, కర్మాగారాల నాణ్యతా నియంత్రణకు గణాంక పద్ధతులను రూపొందించిన వాల్టర్ షూహార్ట్ 1947-48లో భారతదేశానికి వచ్చాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో అదే సంస్థలో చేరిన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు, చేతిలోని దత్తాంశం నుంచి వేసే అంచనా ఏ హద్దును మించి కచ్చితంగా ఉండలేదో 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో నిరూపించారు. మెమరీ విషయంలో ఆ రాశి ఎంత విస్తారంగా ఉందో ఇటీవలి కొలతలు చూపాయి: 2015లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మూడు ప్రధాన తయారీదారుల 115 మెమరీ మాడ్యూళ్లను 55 డిగ్రీల వద్ద పరీక్షించి, ముఖ్యమైన నాలుగు టైమింగ్స్‌ను తప్పులు రాకుండానే కనిష్ఠంగా 17.3 శాతం, గరిష్ఠంగా 54.8 శాతం తగ్గించవచ్చని తేల్చారు. ఓవర్‌క్లాకింగ్‌ను దొంగదారిగా చూసేవారు ఈ అంకెలను గమనించాలి. అది తయారీదారు భద్రత కోసం వదిలిన ఖాళీలో తన స్టిక్ వాటా ఎంతో వెతకడమే.

మెమరీ నిరీక్షణను తగ్గించే తపన ఈ నగరానికి కొత్తది కాదు. 1955లో బరానగర్‌లోని భారత గణాంక సంస్థకు బ్రిటన్ నుంచి వచ్చిన హెచ్‌ఈసీ-2ఎం, భారతదేశపు తొలి డిజిటల్ కంప్యూటర్; దాని మెమరీ 1024 పదాలు పట్టే, నిరంతరం తిరిగే అయస్కాంతపు డ్రమ్ము. అటువంటి యంత్రాల్లో కావలసిన ఆదేశం చదివే తల కిందికి వచ్చేదాకా యంత్రం ఖాళీగా ఆగవలసిందే గనుక, ఒక ఆదేశం పూర్తయ్యే క్షణానికి తరువాతి ఆదేశం సరిగ్గా తల కిందికి చేరేలా డ్రమ్ము మీద చోటు లెక్కగట్టి పెట్టడం ఆనాటి ప్రోగ్రామర్ల నేర్పు. లెక్క కాస్త తప్పితే డ్రమ్ము మరొక చుట్టు తిరగాలి.

ఇక ఆచరణకు వస్తే, కంప్యూటర్ ఆన్ కాగానే డిలీట్ లేదా ఎఫ్2 మీట నొక్కితే తెరుచుకునే బయోస్ తెరలోనే పనంతా జరుగుతుంది. ఖరీదైన స్టిక్‌లలో తయారీదారే పరీక్షించి నింపిన ఎక్స్‌ఎంపీ అనే సిద్ధమైన సెట్టింగ్ ఉంటుంది; చౌక స్టిక్‌లో అది తరచుగా ఉండదు కాబట్టి ప్రతి అంకెనూ చేత్తో నింపాలి. మదర్‌బోర్డు అనుమతి కూడా ఉండాలి: ఏఎండీ వారి బీ450 వంటి చౌక బోర్డులు మొదటినుంచీ ఒప్పుకోగా, ఇంటెల్ తన బీ శ్రేణి బోర్డులకు ఆ స్వేచ్ఛను 2021లో బీ560తో గానీ ఇవ్వలేదు. వోల్టేజీని ప్రమాణమైన 1.2 నుంచి ఎక్స్‌ఎంపీ స్టిక్‌లకు మామూలైన 1.35కు పెంచి, టైమింగ్స్‌ను వదులుగా ఉంచి, ముందు వేగాన్ని 2933కు, ఆపైన 3200కు తీసుకుపోవడం సరైన క్రమం. వేగం నిలబడ్డాకే సీఎల్‌ను 20 నుంచి 18కు, 16కు దించాలి. ఏఎండీ బోర్డులలో గేర్‌డౌన్ మోడ్ ఆన్‌లో ఉన్నంతకాలం 17 అని నింపినా బోర్డు చడీచప్పుడు లేకుండా 18నే అమలు చేస్తుందని తెలియక, లేని లాభానికి సంతోషించేవారున్నారు. అంకె మరీ బిగిస్తే తెర నల్లగా ఉండిపోతుంది. బోర్డు రెండుమూడుసార్లు తనంతట తాను ప్రయత్నించి పాత సెట్టింగులకు వెళ్లకపోతే, కరెంటు తీసి, రూపాయి బిళ్లంత బ్యాటరీని ఊడదీసి కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ పెట్టాలి.

ఆన్ కావడం వేరు, తప్పు లేకుండా నడవడం వేరు. సర్వర్లలోని ఈసీసీ మెమరీ ప్రతి 64 బిట్‌లకు 8 తనిఖీ బిట్‌లను మోస్తుంది, చౌక స్టిక్‌లో ఆ ఏర్పాటు లేదు గనుక తారుమారైన బిట్ ఎవరికీ తెలియకుండా ఫైలులోకి వెళ్లి కూర్చుంటుంది. అందుకే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే మెమ్‌టెస్ట్86 వంటి పరీక్షను రాత్రంతా నడపాలి. అయినా సున్నా తప్పులు కనబడితే తప్పులే లేవని అర్థం కాదు: 300 పరీక్షలలో ఒక్క తప్పూ రాకపోయినా, నూటికి ఒకసారి తప్పు జరిగే అవకాశాన్ని 95 శాతం నమ్మకంతో తోసిపుచ్చడం మాత్రమే వీలవుతుందని గణాంకశాస్త్రం చెబుతుంది. ఒక గంట పరీక్షతో తృప్తిపడి సెట్టింగుల ఫోటోను మిత్రులకు పంపే అలవాటు ఈ లెక్క ముందు నిలవదు. మరొకరి సెట్టింగులను తెచ్చి వాడుకోవడమూ అంతే. ఒకే మోడల్ పేరుతో అమ్మే చౌక స్టిక్‌లలో నేడు ఒక తయారీదారు చిప్‌లు, రేపు మరొకరివి ఉండడం మామూలే.

ఈ శ్రమ ఎవరికి దక్కుతుందన్నది నిజాయితీగా చెప్పుకోవలసిన విషయం. గ్రాఫిక్స్ కార్డు కొనలేక, 2021లో వచ్చిన రైజెన్ 5 5600జీ వంటి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే ఆటలాడే విద్యార్థికి తేడా కంటికి కనిపిస్తుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ భాగం ఈ మెమరీనే వాడుకుంటుంది. అయితే అతని యంత్రంలో ఒకే స్టిక్ ఉంటే ముందు చేయవలసింది టైమింగ్స్ దిద్దడం కాదు: 2666 నుంచి 3200కు పెంచితే బదిలీ సామర్థ్యం 20 శాతమే పెరుగుతుంది, చాందినీ చౌక్‌లో అటువంటిదే రెండో స్టిక్ కొని డ్యూయల్ చానల్‌లో, అంటే రెండూ ఒకేసారి పనిచేసేలా, పెడితే అది సెకనుకు 21.3 నుంచి 42.6 గిగాబైట్లకు పెరిగి రెట్టింపవుతుంది. ఇంటర్నెట్ చూడడానికి, ఉత్తరాలు టైపు చేయడానికి వాడే యంత్రంలో ఈ శ్రమ వృథా. దుకాణం లెక్కలు, పరిశోధన గ్రంథం, ఇంటి ఫోటోలు దాచే యంత్రంలోనైతే అది తగని పని, చీటీ మీది సంఖ్య దగ్గరే ఆగడం వివేకం.

కోల్‌కతా వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. డిసెంబరు రాత్రి చల్లని గదిలో నిలిచిన టైమింగ్స్, ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నం, తొడుగు లేని చిప్‌ల మీద నిలుస్తాయన్న హామీ లేదు. చలికాలంలో కుదుర్చుకున్న సెట్టింగులను ఎండాకాలంలో, తలుపులు మూసిన గదిలో, గ్రాఫిక్స్‌కు పని పెట్టి కేసు లోపల వేడెక్కాక మళ్లీ ఒకసారి పరీక్షించండి; ఒక్క తప్పు కనబడినా సీఎల్‌ను తిరిగి 18కి పెంచి ఊరుకోండి.