తూకం తర్వాతే కొసరు

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. బట్టల షాపులకూ నగల కొట్లకూ బేరాలు పడిపోయే నెల అది. దాని వెనకే శ్రావణం, వరలక్ష్మీ వ్రతం, ముహూర్తాలు. ఆలోగా పాత సరుకు కదలాలి, కొత్తది దిగాలి. అంటే ఆషాఢం తగ్గింపుకు అసలైన కారణమే ఉంది. ఆ కారణంతో తగ్గిస్తే నేను మనస్ఫూర్తిగా సంతోషిస్తాను. వ్యాపారికి పెట్టుబడి తిరుగుతుంది, కొన్నవాళ్లకు నాలుగు డబ్బులు మిగులుతాయి.

నన్ను బాధపెట్టేది చీరకు వేలాడే చీటీ. ఒక షాపులో గోటితో గీకితే స్టిక్కరు కింద ఇంకో స్టిక్కరు బయటపడింది. 1,800 మీద 3,000 అంటించి, 40 శాతం తగ్గించి, మళ్లీ 1,800కే అమ్ముతున్నారు. చీర మాత్రం చక్కనిది, ఆ ధరకు తగిందే. అంత మంచి నేతకు అబద్ధం తోడు దేనికి?

నగల దగ్గర ఇంకాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. తరుగు 12 శాతమంటే 10 గ్రాముల గొలుసుకు 11.2 గ్రాముల బంగారం డబ్బు కడతాం. ‘తరుగు లేదు’ అని బోర్డు కనబడగానే లోపలికి వెళ్లిపోతాం. మజూరీ ఎంత పెరిగింది, రాళ్ల బరువుకూ బంగారం ధరే కట్టారా అన్నది బిల్లులో చూస్తేగానీ తెలియదు. నికర బరువు, రాళ్లు, మజూరీ, 3 శాతం జీఎస్టీ విడివిడిగా రాసిచ్చి, నగ మీది హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోమని తానే చెప్పే షాపతను ఉంటాడు. అతనికి ఏ ఆఫరూ అక్కర్లేదనిపిస్తుంది నాకు. మన ఇంటి పెళ్లి నగలన్నీ అక్కడే కొంటాం, చుట్టాలనూ అక్కడికే పంపుతాం.

ఇక ఉచితాల సంగతి. ఉచితమని చెప్పి, డెలివరీ లాంటి తప్పని ఖర్చుకు మించి వసూలు చేయకూడదని 2022 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. చాలినంత సరుకు లేకుండా ఎర వేయడమూ తప్పే. తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. మంచిదే. కానీ కూరగాయల బండి దగ్గర నిజంగా ఉచితంగా ఇచ్చే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. వంకాయలు కిలోకి నిండుగా తూగాక, సంచిలో వేశాక, పైన గుప్పెడు కరివేపాకు పెడుతుంది బండి ఆమె. తూకంలో కోసి కొసరు వేయదు.

ఈ ఆషాఢానికి బోర్డులు రాయించే వ్యాపారులకు ఒక మనవి. ఎంత తగ్గించారో పెద్దక్షరాల్లో ఎలాగూ రాయిస్తారు. ఎందుకు తగ్గించారో కూడా దాని కిందే రాయించండి: పోయినేడు డిజైన్లు, శ్రావణం సరుకుకు చోటు కావాలి అని. మా వాళ్లు చదువుకుని మరీ కొంటారు.