పర్షియన్ పిల్లి ఏ పద్దులోకి వస్తుంది?

వర్జీనియా వుల్ఫ్ పేరు చెప్పగానే మన వ్యాసాల్లో, సభల్లో రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి: స్త్రీకి తనదంటూ ఒక గది, ఏడాదికి 500 పౌండ్ల ఆదాయం. 1928లో కేంబ్రిడ్జిలోని రెండు మహిళా కళాశాలల్లో చేసిన ప్రసంగాల నుంచి పుట్టి 1929లో అచ్చయిన ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’ మనకిలా ఒక సూత్రంగా మిగిలిపోయింది. ఆర్థిక భద్రత ఉండాలన్నది నిజమే. కానీ ఆ డబ్బుతో ఆమె ఏం తింటుంది, తనకోసం ఏం కొనుక్కుంటుంది అన్న ప్రశ్న మనం వేయం. అది మరీ చిన్న విషయంగా తోస్తుంది. వుల్ఫ్‌కి అలా తోచలేదు.

ఆ పుస్తకాన్ని సిద్ధాంతంగా కాక కథనంగా చదివితే ముందు కనిపించేవి రెండు భోజనాలు. మగవాళ్ల కళాశాలలో మధ్యాహ్నం చేపలు, కౌజు పిట్టలు, తియ్యని పుడ్డింగు, గ్లాసు ఖాళీ కాకుండా ద్రాక్షసారాయి. ఆడవాళ్ల కళాశాలలో రాత్రికి పలుచని సూపు, గొడ్డు మాంసం, ఉడికిన కూర, బంగాళాదుంపలు, ఎండు ప్లమ్ పళ్లు, కస్టర్డ్. తాగడానికి మంచినీళ్లు. కడుపు నిండదని కాదు ఫిర్యాదు. అక్కడ ఆకలి తీరుతుంది, అంతకు మించి ఏమీ జరగదు. మనసు విచ్చుకుని మాట సాగాలంటే కావలసినదేదో ఆ బల్లమీద లేదు.

ఎందుకు లేదన్నదానికి వుల్ఫ్ ఇచ్చే జవాబు లెక్కల పుస్తకంలోంచి వస్తుంది. ఆ కళాశాలకి 30,000 పౌండ్లు పోగుచేయడానికి ఆడవాళ్లు పడ్డ పాట్లు చెప్పి, గోడలు లేపేసరికే డబ్బు అయిపోయిందనీ, సోఫాలూ విడి గదులూ లాంటి సౌఖ్యాలు తర్వాతెప్పుడో చూసుకోవలసిందేననీ ఒక పాత్ర చేత అనిపిస్తుంది. తల్లులు కూతుళ్లకి ఆస్తి ఎందుకు మిగల్చలేదంటే, ఒకరు పదమూడుమంది పిల్లల్ని కని పెంచారు. పైగా ఇంగ్లండులో 1882 చట్టం వచ్చేదాకా పెళ్లయిన స్త్రీ సంపాదనపైనా ఆస్తిపైనా ఆమెకి పూర్తి హక్కు లేదు.

నన్ను ఆపేది ఆ ‘తర్వాత’ అన్న మాట. ఇల్లు నిలబడ్డాక, పిల్లలు స్థిరపడ్డాక, అప్పు తీరాక అంటూ వాయిదా పడే జాబితాలో ఎప్పుడూ ఎవరి సంతోషాలు ఉంటాయి?

దీనికి తోడుగా చదవవలసింది ‘ప్రొఫెషన్స్ ఫర్ విమెన్’, 1931లో లండన్‌లో ఉద్యోగినుల ముందు వుల్ఫ్ చేసిన ప్రసంగం. తన మొదటి సమీక్షకి ఒక పౌండు, పది షిల్లింగులు, ఆరు పెన్నీలు వచ్చాయనీ, వాటిని రొట్టెకీ వెన్నకీ, అద్దెకీ, మాంసం కొట్టు బాకీకీ కాక ఒక పర్షియన్ పిల్లిని కొనడానికి వాడాననీ అందులో చెప్తుంది. బతుకు పోరాటం తనకెంత తక్కువ తెలుసో ఒప్పుకోవడానికే ఆ సంగతి ఎత్తింది. అయినా అందులో ఇంకో అర్థం ఉందనుకుంటాను. తొలి సంపాదన ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేని చోటికి వెళ్లింది. డబ్బు తనదని తెలిసేది దాచినప్పుడు మాత్రమే కాదు, ఇలా ఖర్చు చేసినప్పుడు కూడా.

మన భాషలో ఈ లెక్కకి చోటు లేదు. మగవాడి సిగరెట్టూ హోటల్ టీ ‘ఖర్చు’. ఆడదాని మూర మల్లెపూలు ‘దుబారా’. పొదుపు ఇల్లాలి గుణం, ఆ పొదుపు దాగే చోటు పోపుల డబ్బా. పోపుల డబ్బాని మనం ముచ్చటగా చెప్పుకుంటాం గానీ, ఇంటి లెక్కలో తన పేర ఒక్క పద్దు కూడా లేకపోవడం వల్లనే ఆమె తన డబ్బుని తనింట్లోనే దాచవలసి వస్తోందన్న సంగతి మరుస్తాం. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయినప్పుడు ఎంతోమంది ఆ దాచిన నోట్లు బయటపెట్టి ‘ఎక్కడివి?’ అన్న ప్రశ్నకి జవాబు చెప్పవలసి వచ్చింది.

పొదుపు సంఘాల సంగతీ ఇక్కడ తలుచుకోవాలి. 1992లో నెల్లూరు జిల్లాలో సారా దుకాణాల మీద తిరగబడ్డ ఆడవాళ్లు ఆ తర్వాత రోజుకో రూపాయి దాచుకునే సంఘాలు కట్టారు. అది చిన్న విజయం కాదు. అయితే ఆ రూపాయిని మెచ్చుకునే రాతల్లో అది చివరికి గేదెగానో, పిల్లల ఫీజుగానో, కూతురి పెళ్లిగానో మారుతుంది. సంఘం మీటింగు నుంచి వస్తూ ఆమె ఒక సినిమా చూసి వచ్చిందని ఎవరూ రాయరు. చూడకనా? చెప్పుకోదగ్గ సంగతి కాదనా?

నా పరిశోధన రోజుల్లో ఫెలోషిప్ ఒక్కోసారి నెలల తరబడి ఆగేది. వచ్చిన రోజున నోటుబుక్కులో వరసగా రాసుకునేదాన్ని: మెస్ బాకీ, ఇంటికి పంపేది, కష్టకాలానికి పక్కన పెట్టేది. నాలుగో వరసలో ‘కాఫీ, పాత పుస్తకాలు, పూలు: 200’. ‘ఇతరాలు’ అని రాయలేదు. పేరు పెట్టి రాస్తే ఆ ఖర్చుకి ఒక హద్దు ఉంటుంది, అది తప్పన్న భావం పోతుంది. పక్కన పెట్టే డబ్బు కూడా ఆ వరస వల్లనే నెల నెలా నిలిచింది. ఏ సంతోషానికీ చోటివ్వని బడ్జెట్ పథ్యం లాంటిది, ఎన్నాళ్లో సాగదు.

వుల్ఫ్ లెక్క కూడా మచ్చలేనిది కాదు. ఆమె కథకురాలికి ఆ 500 పౌండ్లు బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయిన మేనత్త వీలునామా ద్వారా వచ్చాయి. ఆ డబ్బు వెనక వలస రాజ్యం ఉంది. ఇంట్లో వంటమనిషి నెల్లీ బాక్సాల్ ఉంది. గది గురించిన పుస్తకం అచ్చయిన 1929 చివర్లోనే ఇద్దరికీ తగవై, తన గదిలోంచి బయటికి పొమ్మని నెల్లీ యజమానురాలికి చెప్పిన సంగతి వుల్ఫ్ డైరీలోనే ఉంది. ఆ ఇంట్లో రెండో స్త్రీకీ గది కావాలి, ఆమె జీతంలోనూ పిల్లికి చోటుండాలి. మన ఇంటి పనిమనిషి పూలు పెట్టుకుని వస్తే ‘డబ్బులెక్కువయ్యాయా’ అనే నోటితో ఈ పుస్తకం గురించి మాట్లాడలేం.

మార్చి 8 వస్తే చాలు, ‘నీకు నువ్వే కానుక ఇచ్చుకో’ అంటూ దుకాణాలు స్త్రీలని పిలుస్తున్న కాలమిది. వాయిదాల మీద కొన్న సంతోషం వచ్చే నెల జీతాన్ని ముందే తినేస్తుంది. అప్పు మనిషిని ఎక్కడికి నెడుతుందో ఆంధ్రప్రదేశ్ చూసింది. 2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్ సంస్థల వసూళ్లని అదుపు చేయడానికి ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. వుల్ఫ్ పిల్లిని కొన్నది అప్పుతో కాదు, అచ్చయిన సమీక్షకి వచ్చిన డబ్బుతో. ఆ తేడా చిన్నది కాదు.

కాబట్టి భద్రత ముందా, సంతోషం ముందా అన్న ప్రశ్నే సరైనది కాదు. రెండూ ఒకే పేజీ మీద, ఒకే చేతిరాతలో, ఎవరైనా చదవగలిగేలా ఉండాలి. ఇకమీదట ఏ స్త్రీవాద రచనలోనైనా ఆర్థిక స్వాతంత్ర్యం అన్న మాట ఎదురైతే, ఆ స్త్రీ జీతం ఎంతన్న దగ్గర ఆగకుండా ఆమె పద్దులో నాలుగో వరస ఉందా అని కూడా చూద్దాం.