మనిషి తప్పుకున్నాక తీసిన ఫోటో

మూడేళ్ళ క్రితం ఆఫీసు పని మీద చండీగఢ్ వెళ్ళినప్పుడు, ఒక రోజు మిగుల్చుకుని కాపిటల్ కాంప్లెక్స్ చూసొచ్చాను. లె కార్బూజియే డిజైన్ చేసిన హైకోర్టు, సెక్రటేరియట్, అసెంబ్లీ ఉన్న చోటు. హైకోర్టు ముందు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో మూడు భారీ గోడల్లాంటి స్తంభాలుంటాయి. వాటిని ఫ్రేములో పెట్టుకుని, అక్కడ ఊడుస్తున్న ఒకాయన పక్కకి వెళ్తాడేమోనని కెమెరా పట్టుకుని నిలబడ్డాను. ఆయన నన్ను చూశాడు. ఏమీ అనకుండా చీపురుతో సహా ఒక స్తంభం వెనక్కి తప్పుకున్నాడు. నేను బటన్ నొక్కాను. ఆయన మళ్ళీ వచ్చి తన పని చేసుకున్నాడు.

ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. చాలా రోజులు నా లాప్‌టాప్ తెర మీద అదే ఉండేది. తప్పుకోమని నేనాయన్ని అడగలేదు. నాలాంటివాళ్ళు రోజుకి ఎంతమంది వస్తే ఆయనకి ఆ అలవాటు పట్టుబడి ఉంటుంది? అసలు నాకా అలవాటు ఎక్కడిది? నేను ఆర్కిటెక్ట్‌ని కాను, ఫోటోగ్రాఫర్‌ని అసలే కాను. భవనాల ఫోటోల పుస్తకాలు చూడ్డం మాత్రం ఇష్టం. జవాబు అక్కడే వెతుక్కున్నాను.

మొదట గుర్తొచ్చేది లూసియన్ ఎర్వే. 1910లో హంగరీలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడ్డ మనిషి. 1949లో మార్సెయ్‌లో లె కార్బూజియే కడుతున్న అపార్ట్‌మెంటు భవనాన్ని చూసి, ఒక్కరోజులో 650 ఫోటోలు తీశాడు. అవి చూసిన లె కార్బూజియే, నీలో ఆర్కిటెక్ట్ ఆత్మ ఉందని జవాబు రాసి, తన ఫోటోగ్రాఫర్‌గా పెట్టుకున్నాడు. 1965లో లె కార్బూజియే చనిపోయేదాకా ఆ బంధం నడిచింది. ఎర్వే చండీగఢ్ కూడా వచ్చాడు.

అతని ఫోటోల్లో సగం నలుపే. ఏటవాలు కోణం, కత్తిరించినట్టుండే నీడ. కత్తిరించినట్టు అని ఊరికే అనలేదు, ప్రింట్లని నిజంగానే కత్తెరతో కోసి కావలసిన ముక్కే ఉంచేవాడు. దీన్ని ఉత్త స్టైల్ అని కొట్టిపారేయలేం. చండీగఢ్‌లో భవనానికి ఉన్న పెద్ద సమస్య ఎండ. ముఖద్వారాల మీద లోతైన కాంక్రీటు గళ్ళు, హైకోర్టు మీద గొడుగులాంటి రెండో కప్పు, ఇవన్నీ ఆ సమస్యకి సమాధానాలు. ఎర్వే నీడని ఫోటో తీశాడంటే ఆ భవనం చేసే పనినే ఫోటో తీశాడన్నమాట. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో అది మంచి డిజైన్ డయాగ్రం. అనవసరమైనదంతా తీసేసి, ఏది దేన్ని మోస్తోందో చూపిస్తుంది.

అయితే డయాగ్రంలో వాడేవాడు కనపడడు. ఎర్వే ఫోటోల్లో మనుషులే లేరని కాదు. ఉన్నచోట ఎక్కువగా గోడ ఎంత ఎత్తో తెలియడానికి పెట్టిన స్కేలులా ఉంటారని నాకనిపిస్తుంది.

పోనీ, మనిషిని పెడితే సరిపోతుందా? 1960లో జూలియస్ షుల్మన్ లాస్ ఏంజిలస్ కొండ మీద పియెర్ కోనిగ్ కట్టిన గాజు ఇంటిని తీసిన ఫోటో చాలామంది చూసే ఉంటారు. తెల్ల గౌన్లలో ఇద్దరమ్మాయిలు కబుర్లు చెప్పుకుంటుంటారు, కింద ఊరంతా దీపాలు. ఊరి దీపాల కోసం ఏడు నిమిషాల ఎక్స్‌పోజర్ ఇచ్చి, చివర్లో ఫ్లాష్‌తో లోపలి గదిని వెలిగించాడు. ఆ అమ్మాయిలు ఆ ఇంటివాళ్ళు కాదు, ఫోటో కోసం వచ్చి కూర్చున్నవాళ్ళు. గొప్ప ఫోటో, కాదనను. యుద్ధం తర్వాతి అమెరికా కోరుకున్న జీవితాన్ని ఒక్క ఫ్రేములో అమ్మిపెట్టింది. కానీ అందులో గాజు, స్టీలు ఎలాగో ఆ మనుషులూ అలాగే. ఆ ఇంట్లో వాళ్ళకి పనేమీ లేదు.

ఇవాన్ బాన్ దగ్గరకొచ్చేసరికి లెక్క మారుతుంది. డచ్ ఫోటోగ్రాఫర్. బ్రసీలియా, చండీగఢ్‌ల మీద 2010లో పుస్తకం వేశాడు. కట్టి సుమారు యాభై ఏళ్ళవుతున్న ఊళ్ళలో జనం ఎలా బతుకుతున్నారన్నదే అతని ఆసక్తి. శాండీ తుఫాను తర్వాత 2012లో హెలికాప్టర్ నుంచి తీసిన న్యూయార్క్ ఫోటోలో మాన్‌హాటన్ సగం వెలుగులో, సగం చీకట్లో ఉంటుంది. పేరున్న భవనాలన్నీ అందులోనే ఉన్నా, మనం చూసేది ఎవరికి కరెంటుందో ఎవరికి లేదో.

ఈ దారిలోనూ ప్రమాదం లేకపోలేదు. మన దేశంలో భవనం ముందు ఒక సైకిలు, ఆరేసిన రెండు చీరలు కనిపిస్తే చాలు, అదే జీవితం అనేస్తారు. షుల్మన్ తెల్ల గౌన్ల స్థానంలో రంగుల చీరలొచ్చాయంతే. కాబట్టి ఫోటోలో మనిషి ఉన్నాడా లేడా అని కాక, ఆ మనిషికి ఆ భవనంతో ఏమైనా పనుందా అని అడగాలి.

అలా అడిగితే నా ఫోటో నిలబడదు. కాపిటల్ కాంప్లెక్స్‌లో నన్ను కట్టిపడేసింది అక్కడి ఖాళీ. భవనానికీ భవనానికీ మధ్య అంత దూరం, చెట్టు నీడ లేని కాంక్రీటు మైదానం. లె కార్బూజియేని మెచ్చుకునేవాళ్ళూ తిట్టేవాళ్ళూ వాదించుకునేది ఈ ఖాళీ గురించే. ఆ ఖాళీని ఎండలో ఎవరో ఒకరు ఊడవాలి. ఆయన ఫ్రేములో ఉండుంటే స్థలం ఎంత పెద్దదో, దాన్ని అలా ఉంచడానికి ఎంత శ్రమవుతుందో రెండూ ఒకేసారి తెలిసేవి. నా ఫోటోలో అది దానంతటదే శుభ్రంగా ఉన్నట్టుంది.

ఆయన తప్పుకోకముందు కూడా రెండు ఫోటోలు తీశాను. మనిషి అడ్డొచ్చాడని అక్కడే, ఆ ఎండలోనే నిలబడి డిలీట్ చేశాను.